పాత వాచీ బాగుచేయించాలంటే ఈ కొట్టుకే పోండి, కొనాలంటే మాత్రం పెద్దాయన ఉన్నప్పుడే పోండి

నల్లగొండ గడియారం సెంటర్‌కి నడిచేంత దూరంలో, సెల్‌ఫోన్ కవర్లు వేలాడదీసిన రెండు షాపుల మధ్య ఇరుక్కుని ఒక వాచ్ రిపేర్ కొట్టు ఉంది. పేరు రాయడం లేదు. రాస్తానంటే పెద్దాయన వద్దన్నాడు, "ఉన్న పనే ఒడుస్తలేదు, ఇంకింత మంది వస్తే నేనేం జెయ్యాలె" అని. ముందే తేల్చి చెప్తా: ఇంట్లో చావీ ఇచ్చే పాత వాచీ ఆగిపోయి ఉంటే కళ్లు మూసుకుని ఇక్కడికి తీసుకుపోవచ్చు. కానీ అదే కొట్టులో పాత వాచీ కొనాలంటే మాత్రం కళ్లు బాగా తెరిచి పెట్టుకోవాలి. ఒకే కొట్టు గురించి రెండు రకాలుగా ఎందుకు చెప్తున్నానంటే, పాత వాచీల బజారే ఇప్పుడు అట్లా ఉంది, ఆ సంగతి కూడా ఇందులో రాస్తా, అందుకే కాస్త పొడుగవుతుంది.

కొట్టులో ఇద్దరుంటారు, తండ్రీ కొడుకులు. తండ్రిని అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఒక కంటికి అద్దం బిగించుకుని బల్ల మీదికి వంగి కూర్చుంటాడు. ముందర గాజు మూతల కింద విప్పిన వాచీలు, వెనక అరల నిండా బిస్కెట్ డబ్బాలు. కొడుకు బయటి కౌంటర్ చూసుకుంటాడు. సెల్లు మార్చడం, బెల్టులు వేయడం, చైన్లలో లింకులు తీయడం అతని పని. ఈ మధ్య కొన్నేళ్లుగా పాత వాచీల అమ్మకం కూడా అతనే. కౌంటర్ అద్దం కింద ఒకప్పుడు సెల్లుతో నడిచే చైనా క్వార్ట్జ్ వాచీలు ఉండేవి. ఇప్పుడు వాటి జాగాలో హెచ్‌ఎంటీ కంపెనీ రకాలు జనతా, పైలట్, సోనా, కోహినూర్, వేరే కంపెనీలవి రెండు మూడు ఫేవర్ లూబాలు, ఒక వెస్ట్ ఎండ్, రికో, సీకో 5 వరసగా పెట్టాడు. ఏ ఒక్కదానికీ ధర చీటీ లేదు. మనిషిని చూసి ధర చెప్తాడు. నాకు నచ్చని మొదటి విషయం అదే.

ముందు నచ్చింది చెప్తా. మా మేనమామ పెళ్లికి పెట్టిన హెచ్‌ఎంటీ సోనా ఒకటి బీరువాలో పడి ఉండేది. ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో అనేవి ఒక సెట్టు. సైకిలూ రేడియో ఎప్పుడో పోయాయి, వాచీ మిగిలింది. చావీ తిప్పితే రెండు నిమిషాలు కొట్టుకుని ఆగిపోయేది. హైదరాబాద్‌లో ఒక మెరిసే షోరూమ్‌లో చూపిస్తే, ఇది రాదు సార్, కొత్త మిషన్ వేస్తాం, క్వార్ట్జ్‌ది, సెల్లుతో నడుస్తుంది అన్నారు. అంటే లోపల గుండె తీసేసి బయట మొహం ఉంచుతారన్నమాట. అక్కర్లేదని తెచ్చేసి చాచాకి ఇచ్చా.

ఆయన వెనక మూత అంచున సన్నటి కత్తి మొన పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు, టక్కున ఊడింది. లోపల చూసి నవ్వి నాకూ అద్దం ఇచ్చాడు. అటూ ఇటూ ఊగుతూ టైమ్ కొలిచే బ్యాలెన్స్ చక్రం సగం తిరిగి నీరసంగా వాలిపోతోంది, చక్రాల ఇరుసులు తిరిగే చిన్న రాళ్ల చుట్టూ నూనె ఎండి గోధుమరంగు మరకలా గట్టిపడింది. "ఎవడో మిషన్ విప్పకుంట పెట్రోల్ల ముంచిండు" అన్నాడు. రిపేర్ కొట్టు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలు. మిషన్ అంతటినీ అట్లాగే పెట్రోల్‌లో ముంచి తీసి ఆరబెడితే పది నిమిషాల్లో అయిపోతుంది, వాచీ నడుస్తుంది కూడా, కాకపోతే ఆరు నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది. చాచా అట్లా చేయడు. చక్రం చక్రం విడదీసి, స్టీలు గిన్నెల్లో వేసి, సన్నటి బ్రష్‌తో కడిగి, రాళ్ల రంధ్రాలను పుల్ల మొనతో శుభ్రం చేసి, మళ్లీ కూర్చి, సూది మొనకు అంటిన నూనె ఒక్కో రాయికి ఒక్కో చుక్క పెడతాడు. చుక్క ఎక్కువైనా తప్పే, పక్కకు కారి బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కి అంటుకుంటే వాచీ పరుగు అందుకుంటుంది.

ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. కేసు గీతలు పడింది, పాలిష్ చేయండి చాచా అంటే చేయనన్నాడు. సోనా మీద ఉన్నది బంగారు పూత, రుద్దితే గీతలతో పాటు పూతా పోయి కింది లోహం బయటపడుతుంది. డయల్ మీద ఒక మూల చిన్న మచ్చ ఉంది. దాన్నీ ముట్టుకోనన్నాడు. "గది తుడిస్తే పేరు పోతది, పేరు పోతే వాచీ పోతది." ఈ మాట వాచీల వేలాల్లో కోట్లు పెట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. మచ్చ ఉన్న అసలు డయల్‌కి ఉండే విలువ మెరిసే కొత్త రంగు డయల్‌కి ఉండదు. 2017లో న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాన్ని ఎవరైనా కొత్తదానిలా మెరిపించి తెచ్చి ఉంటే ఆ ధర కలలో కూడా వచ్చేది కాదు.

ఛార్జీ చావీ వాచీకి 600, చెయ్యి కదిలితే తనంతట తనే చావీ ఎక్కే ఆటోమేటిక్‌కి 900. పార్టు మారిస్తే దాని డబ్బు వేరే. మూడు వారాల్లో ఇస్తానన్న వాచీ ఐదు వారాలకు ఇచ్చాడు, మధ్యలో ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి "అయితది అన్నా" అని పెట్టేశాడు, అది తప్పితే ఫిర్యాదు లేదు. వాచీ ఇప్పుడు రోజుకి ఇరవై సెకన్లు ముందుకు పోతుంది. అరవై ఏళ్ల కింది డిజైన్‌కి అది చాలా బాగున్నట్టే లెక్క. ఈ రకం మిషన్లు సెకనుకు ఐదు సార్లు కొట్టుకుంటాయి. చాచా చెవి దగ్గర పెట్టుకుని, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వింటాడు. ఆ శబ్దం విని కొలిచే యాప్ కొడుకు ఫోన్లో ఉంది, దాంతో సరిచూస్తే ఇద్దరి లెక్కకూ పెద్ద తేడా రాలేదు.

ఛార్జీలు పెరిగాయని గొణిగేవాళ్లు కొట్టు ముందర నాకు చాలామందే కనిపించారు. రెండు వందలకు అయ్యే పనికి ఆరు వందలా అని. నాకైతే ఇదే తక్కువ అనిపిస్తోంది. పాత వాచీల ధరలన్నీ చివరికి ఆ బల్ల దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఎందుకో చెప్తా.

హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో వాచీలు మొదలుపెట్టింది, మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశాడు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు పెట్టారు. మొత్తం మీద పది కోట్లకు పైగా వాచీలు చేశారు. 1980ల్లో టైటాన్ హోసూరు నుంచి క్వార్ట్జ్ వాచీలతో దిగేసరికి చావీ వాచీ పాతబడిపోయింది, చివరికి 2016 జనవరిలో కేంద్ర క్యాబినెట్ హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఇప్పుడు పది కోట్ల సంగతి ఆలోచించండి. అంత సరుకు దేశంలో తిరిగితే కరువు ఎక్కడిది? జనతాకి వెయ్యి రూపాయలు పెట్టడం కూడా దండగ కదా అని మామూలుగా అనిపిస్తుంది.

కానీ ఆ పది కోట్లలో బతికున్నవి ఎన్ని? అటక మీద తుప్పు పట్టినవి, పిల్లలు ఆడుకుని స్ప్రింగులు పీకినవి, స్టీలు సామాన్లవాడికి వేసేసినవి, నీళ్లు పోయి ముళ్లు డయల్‌కి అతుక్కుపోయినవి తీసేయండి. మిగిలినవాటికి పార్టులు కావాలి, ఫ్యాక్టరీ లేదు, కాబట్టి పార్టులు ఇంకో వాచీ నుంచే రావాలి. చాచా వెనక ఉన్న బిస్కెట్ డబ్బాలు అవే, చచ్చిపోయిన జనతాలు, పైలట్లు. బ్యాలెన్స్ స్టాఫ్, అంటే ఆ చక్రం ఇరుసు, విరిగిన వాచీ వస్తే ఆ డబ్బాలోంచి ఒకదాన్ని విప్పి తీసి వేస్తాడు. అంటే ఒక వాచీ నడవాలంటే ఇంకోటి శాశ్వతంగా పోవాలి. బాగుచేసిన ప్రతిసారీ సరుకు కొంచెం తరుగుతూనే ఉంటుంది. దాంతో పాటు చాచా లాంటి మనుషులూ తరిగిపోతున్నారు. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వైపు నాకు తెలిసిన ఒక మెకానిక్ ఉండేవాడు, మంచి చెయ్యి. ఇప్పుడు సెల్లులు, ఫోన్ స్క్రీన్ గార్డులు తప్ప ఏమీ చూడడు. కళ్లు కనపడవు, కొడుకు నేర్చుకోలేదు అంటాడు.

వాచీ దొరకడం కష్టం కాదు, దాన్ని నడిపించే చెయ్యి దొరకడం కష్టం. అందుకే ఆగిపోయిన జనతా మూడు వందలకు, అదే జనతా బాగా సర్వీసింగ్ అయి నడుస్తుంటే రెండు వేలకు పోతోంది. మధ్యలో ఉన్న తేడా చాలావరకు మనిషి పనిది.

ఇక కొనేవాళ్లు ఎవరు? ఒకప్పుడు ఈ కొట్టుకు వచ్చేది రిటైర్డ్ టీచర్లు, ఆర్టీసీ వాళ్లు. ఇప్పుడు శనివారం నాడు నిలబడి చూస్తే హైదరాబాద్ నుంచి ఊరికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువ. నాన్న వాచీ లాంటిది కావాలని కొందరు, రీల్స్‌లో చూసి కొందరు. ఇంకో కారణం సైజు. మధ్యలో కొన్నేళ్లు చేతి మీద పళ్లెమంత వాచీలు ఫ్యాషన్ అయ్యాయి, ఇప్పుడు మళ్లీ చిన్నవాటి మీదికి మోజు మళ్లింది, పాత హెచ్‌ఎంటీలు 35 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి కాబట్టి సన్నటి మణికట్టుకి చక్కగా సరిపోతాయి. కంపెనీ మూతపడుతోందని వార్త వచ్చినప్పుడే ఒక ఊపు వచ్చింది, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని జనతాలను ఒక్కసారిగా జనం వెతకడం మొదలుపెట్టారు. లాక్‌డౌన్ తర్వాత ఇంకో ఊపు. ఆ రోజుల్లో ప్రపంచమంతా రోలెక్స్, పటెక్ లాంటి ఖరీదైన స్విస్ వాచీల సెకండ్ హ్యాండ్ ధరలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి, 2022 మొదట్లో శిఖరానికి చేరి, తర్వాత బాగా దిగాయి.

ఇక్కడే నవ్వొచ్చే సంగతి. పెరుగుదల మన గడియారం సెంటర్ దాకా వచ్చింది కానీ తగ్గుదల రాలేదు. కొడుకుని ధర ఎందుకింత అంటే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో పైలట్‌కి ఎవరో పెట్టిన ధర స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. పెట్టిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. నేను కూడా నా పాత సైకిల్‌కి లక్ష అని పెట్టొచ్చు, ఎవరొద్దన్నారు? అతను చూపించిన పైలట్ ఆ సైట్‌లో ఎన్నాళ్ల నుంచి అమ్ముడుపోకుండా ఉందో చూడమంటే మాట మార్చాడు.

అమ్మకం వైపు అసలు గొడవ రీడయల్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, పాత డయల్ మొత్తం గీకేసి కొత్త రంగు కొట్టి, దాని మీద పేరు, అంకెలు మళ్లీ ముద్రించడం. ముంబై వైపు నుంచి ఇట్లాంటివి గుట్టలు గుట్టలుగా వస్తాయి, ఎర్రవి, ఆకుపచ్చవి, నారింజ రంగువి. ఫ్యాక్టరీలో ఎన్నడూ చేయని రంగులు కూడా. హెచ్‌ఎంటీ పైలట్ అంటే నల్ల డయల్, పెద్ద తెల్ల అంకెలు. జనం వెతికేది అదే కాబట్టి నకిలీ రంగు కూడా దానికే ఎక్కువ.

కౌంటర్‌లో ఉన్న నల్ల పైలట్‌కి కొడుకు 4,500 చెప్పాడు. చాచా అద్దం అడిగి తీసుకుని చూశా. కేసు మీద ముప్పై నలభై ఏళ్ల గీతలు, బెల్టు తగిలించే చెవుల దగ్గర అరుగుదల, డయల్ మాత్రం నిన్న వేసినట్టు నిగనిగ. హెచ్‌ఎంటీ అక్షరాల అంచులు పదునుగా లేవు, ఇంకు కొంచెం ఉబ్బి పక్కకు పాకినట్టుంది. నిమిషాల గీతల్లో రెండు పక్కవాటికంటే లావుగా ఉన్నాయి. ముళ్ల మీద చీకట్లో వెలిగే రంగు పచ్చగా, మెత్తగా, కొత్తగా ఉంది, పాతదైతే ఈపాటికి మాసి గోధుమరంగుకు తిరిగి ఉండాలి. డయల్ అడుగున ఆరు అంకె కింద అంచులో ఉండాల్సిన చిన్న అక్షరాలు అసలు లేనే లేవు.

"భాయ్, ఇది రీడయల్ కదా?"

"లేదన్నా, ఒరిజినల్. ఫ్యాక్టరీ పీస్. మిర్యాలగూడలో ఒక సార్ దగ్గర తీసుకున్నా."

బల్ల దగ్గర్నుంచి తల ఎత్తకుండానే చాచా అన్నాడు, "పెయింట్ కొట్టిందిరా అది. సార్‌కి కనబడ్తనే ఉంది గదా."

కొడుకు మొహం చిట్లించుకున్నాడు. ధర అక్కడికక్కడే 1,800కి దిగింది. మిషన్ మాత్రం చాచా చేతి మీదుగా పోయిందే, వెనక మూత తీయించి చూశా, శుభ్రంగా ఉంది. 1,800కి అది న్యాయమైన ధరే, రోజూ పెట్టుకుని తిరగడానికి రీడయల్‌లో తప్పేం లేదు, తప్పంతా చెప్పకపోవడంలో ఉంది. అసలు డయల్ అన్న ఒక్క మాటకి 2,700 పెట్టారన్నమాట. చాచా ఆ పూట నమాజుకు పోయి ఉంటే ఆ మాట ఎవరు చెప్పేవారు? అందుకే పైన శీర్షిక అట్లా పెట్టా.

హెచ్‌ఎంటీ జవాన్ అడిగేవాళ్లు ఇంకా జాగ్రత్త. పేరులోనే సైన్యం ఉంది కాబట్టి దానికి గిరాకీ వేరే లెవెల్, వెనక మూత మీద సైన్యం గుర్తు బాణం చెక్కి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ కొట్టులో నాకు జవాన్ కనపడలేదు, కనపడినా నేనైతే చాచాని అడగకుండా కొనను.

ఫేవర్ లూబాల సంగతి వేరు. మన దేశంలో ఇది బాగా పాత పేరు, స్విట్జర్లాండ్‌లో 1737 నాటి వంశం, బొంబాయిలో 1865 నుంచి వ్యాపారం. దిగుమతులు బిగించిన రోజుల్లో కూడా కాస్త సంపాదన ఉన్నవాళ్ల చేతికి ఇదే ఉండేది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు పని చేసి హిల్ కాలనీలో స్థిరపడిన కుటుంబాల నుంచి ఇట్లాంటివి ఇప్పటికీ వస్తాయని కొడుకు చెప్పాడు, సాగర్‌కి పునాది రాయి 1955లో పడింది, జాతికి అంకితం 1967లో అయింది, ఆ మధ్య కాలం వాచీలకి లెక్క సరిపోతుంది కాబట్టి నమ్మాను. సీ చీఫ్ అనే చావీ రకానికి 8,000 అడిగాడు. డయల్ అసలుది, అంచు చుట్టూ కాస్త పసుపు తిరిగింది, చావీ మీద కంపెనీ గుర్తు ఉంది. ఇది ఎక్కువ కాదు అనే చెప్తా, బేరం చేస్తే 6,500 దాకా వచ్చేట్టుంది. బ్రాండ్‌ని 2011లో టైటాన్ కొన్నది, ఆ తర్వాత మళ్లీ చేతులు మారింది, కొత్త వాచీలు లక్షల్లో అమ్ముతున్నారు. కొత్తవాటికి ప్రచారం వచ్చిన కొద్దీ పాతవాటిని అడిగేవాళ్లు పెరుగుతారు. అసలు డయల్‌తో ఉన్న ఫేవర్ లూబా ఐదారేళ్లలో ఇప్పటి ధరకి దొరకదని నా అంచనా, అంచనా మాత్రమే.

బంగారు కేసు వాచీల గురించి అడిగితే చాచా చెయ్యి ఊపేశాడు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది కదా, నిజమైన బంగారు కేసు ఉన్న పాత ఒమేగాలు, రోమర్లు ఏమైనా ఉంటే జనం నేరుగా బంగారం దుకాణానికే పోతున్నారట. అక్కడ కేసు తూకం వేసి కరిగిస్తారు, మిషన్, డయల్, ముళ్లు ఒక పొట్లంలో కట్టి ఇస్తారు. ఆ పొట్లాల్లో ఒకటి చాచా దగ్గరికి వచ్చింది, చూపించాడు. తెల్లటి డయల్, నీలం ముళ్లు, మిషన్ నిక్షేపంగా ఉంది, వేసుకోవడానికి ఒళ్లు లేదు. మిగతా సరుకు ధర పెరిగితే అటకల మీది నుంచి బయటికి వస్తుంది, దీనికి మాత్రం ధర పెరిగితే సరుకే మాయమవుతోంది. ఇది నాకు చాలా బాధ అనిపించింది, కానీ బిడ్డ పెళ్లి ఎదురుగా ఉన్నవాడికి మనం ఏం చెప్తాం.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోనిది ఒకటి చెప్తా, ఆల్విన్. మన హైదరాబాద్ ఆల్విన్. ఫ్రిజ్‌లు, డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు చేసిన కంపెనీయే, జపాన్ సీకోతో కలిసి వాచీలు కూడా చేసింది. ట్రెండీ అనే క్వార్ట్జ్ రకం అప్పటి కాలేజీ పిల్లల చేతికి ఉండేది. మన పక్క ఇళ్లల్లో వెతికితే హెచ్‌ఎంటీతో సమానంగా దొరుకుతుంది, కానీ బయటి రాష్ట్రాల్లో దాని పేరు పెద్దగా తెలియదు కాబట్టి ఆన్‌లైన్ ఊపు దీనికి అందలేదు. కొడుకు కౌంటర్‌లో కాదు, కింద డ్రాయర్‌లో వేసి పెట్టాడు వీటిని. చావీ ఆల్విన్ ఒకటి, అసలు డయల్, నడుస్తోంది, 900 అన్నాడు. ఈ కొట్టులో ఇప్పుడు డబ్బుకి తగిన సరుకు ఏదైనా ఉందంటే అదే. క్వార్ట్జ్ ట్రెండీలు రెండు వందలకీ ఇస్తాడు, కాకపోతే లోపల సర్క్యూట్ పోతే దాన్ని బాగుచేసేవాడు లేడు, సెల్లు లీకైన మరకలు చూసుకోండి.

హైదరాబాద్‌తో పోల్చమంటారా? జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం అంగట్లోనో గుడ్డ మీద పరిచి అమ్మేవాళ్ల దగ్గర ఇదే జనతా నాలుగు వందలకు దొరుకుతుంది. నడుస్తుందా లేదా, లోపల ఏ మిషన్ ఉందో, వెనక మూత దానిదేనా అన్నది మీ అదృష్టం. తెచ్చి ఇక్కడ సర్వీసింగ్ చేయిస్తే వెయ్యి అవుతుంది, స్టాఫ్ మార్చాలంటే పదిహేను వందలు. అంటే ఇక్కడ రెండు వేలకు దగ్గర దగ్గరగా వచ్చినట్టే. ఇక ఆన్‌లైన్‌లో సోషల్ మీడియా పేజీల్లో అమ్మేవాళ్లు, వాళ్లందరూ మోసగాళ్లని అనను, కానీ ఒక పేజీవాడు నాకు పంపిన కోహినూర్‌లో సెకన్ల ముల్లు వేరే వాచీది, ఫోటోలో మాత్రం సరైన ముల్లే ఉంది, వాపస్ అడిగితే బ్లాక్ చేశాడు. కౌంటర్ అవతల మనిషి కనపడటం వల్ల ఒక లాభం ఉంది, మళ్లీ పోయి గొడవ పెట్టుకోవచ్చు.

కొట్టు మీద నాకున్న అసలైన కోపం అమ్మడం మీద కాదు, కొనడం మీద. దేవరకొండ వైపు నుంచి ఒకావిడ వచ్చింది, చనిపోయిన మామగారి వాచీలు గుడ్డలో కట్టుకుని. అందులో నడుస్తున్న ఒక ఆటోమేటిక్ సీకో, ఒక వెస్ట్ ఎండ్ ఉన్నాయి. కొడుకు మొత్తం కలిపి 700 అన్నాడు. ఆమె సరే అనబోతుంటే నేనే ఆగమ్మా, రేపు ఇంకొకచోట చూపించుకో అన్నా. అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చచ్చిన వాచీకి మూడు వందలిచ్చి, బాగుచేసి రెండు వేలకు అమ్మితే అది వ్యాపారం, దాని మీద పని ఉంది, అమ్ముడుపోక నెలలు కౌంటర్‌లో పడి ఉండే రిస్కు ఉంది. నడుస్తున్నదానికి అదే ధర ఇవ్వడం మాత్రం అన్యాయం. అమ్మేవాళ్లకి నేను చెప్పేది ఇంతే, ముందు వెనక మూత తీయించి లోపల ఏం రాసి ఉందో ఫోటో తీసుకోండి, డయల్ ఫోటో తీసుకోండి, రెండు మూడు చోట్ల అడగండి, అదే రోజు ఇచ్చేయకండి. ఏది ఏమైనా బంగారం దుకాణానికి పోయేముందు ఒక్కసారి వాచ్ మెకానిక్‌కి చూపించండి.

మార్కులు కావాలంటే, రిపేర్‌కి ఐదుకు నాలుగున్నర, అర మార్కు ఆలస్యానికి కోశా. అమ్మకానికి ఐదుకు రెండున్నర, అది కూడా చాచా వల్ల. ధర చీటీలు పెట్టి, రీడయల్ వాటిని వేరే అరలో పెట్టి రాసేస్తే నాలుగు ఇవ్వడానికి నేను రెడీ. కొడుక్కి ఈ మాట మొహం మీదే చెప్పా, "అట్ల రాస్తే ఎవరు కొంటరన్నా" అన్నాడు. నేను కొంటాను కదా అంటే నవ్వి ఊరుకున్నాడు.

పోయేవాళ్లకి: పొద్దున పదకొండు తర్వాతే తీస్తారు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది, ఆదివారం కొడుకు ఒక్కడే ఉంటాడు, ఆ రోజు ఏమీ కొనకండి. ఫోన్‌పే తీసుకుంటారు. వాచీ ఇచ్చేటప్పుడు చీటీ మీద మోడల్ పేరు, డయల్ రంగు, వెనక మూత మీది నంబరు రాయించుకోండి, అడిగితే రాస్తాడు, అడగకపోతే "హెచ్‌ఎంటీ 1" అని మాత్రమే రాస్తాడు. బండి పెట్టుకోవడానికి జాగా లేదు, సాయంత్రం ఐదు దాటితే ఆ బజార్‌లో నడవడమే కష్టం.